రాజు మెడ మీది గీత

నంద్యాల బజారులో నాణేలకు కొక్కేలు అతికే పీరా సాయిబు మనిషి కన్నా ముందు బిళ్ళను పలకరిస్తాడు. మొదట బొటనవేలు అంచు చుట్టూ తిరిగొస్తుంది, ఆ తర్వాతే కళ్ళద్దాలు. కొత్త పైసలొచ్చిన ఏడు కూడా పిల్లల మొలతాళ్ళకు రాజు తల పావలాలే ఎక్కేవి; రాజ్యాలు పోయినంత సులువుగా మొలతాళ్ళు పోతాయా! ఆ వేసవిలో ఆళ్లగడ్డ నుంచి బస్సు దిగొచ్చిన మద్దమ్మ కొంగుముడి విప్పి ఒక పావలా ఇచ్చింది. రాజు మెడకు అడ్డంగా సన్నని గీత.

"నా పెద్దోని మొలతాటిది ఇట్లే ఉండె అన్నా. బిడ్డతోనే పూడ్చినాం. నిన్న సంతలో చిల్లరలో వచ్చె. గుంత ఎవురన్నా తవ్వినారా ఏంది?"

సాయిబు బొటనవేలు అంచు మీద ఒకచోట ఆగిపోయింది. పాత అతుకు పక్కన, తన ఆకురాయి జారి పడిన గాటు. అలాంటి పొరపాటు తన చేతిలో ఒక్కసారే జరిగింది, ఈమె పెద్దోని బిళ్ళకు కొక్కెం అతికేటప్పుడు. గాటులో నల్లమట్టి పేరుకుని ఉంది.

"టంకశాలలో అచ్చు చీలింటాది తల్లీ," అన్నాడు. "దాని కింద పడిన పావలాలన్నిటికీ ఇదే గీత. యాడ జూసినా దొరుకుతాయి."

మద్దమ్మ ఊపిరి వదిలింది. "బతికించినావన్నా. అయితే దీనికే కొక్కెం పెట్టియ్యి, చిన్నోనికి కడతా."

కణకణలాడుతున్న కుంపటి ముందు కూర్చుని ఉండి కూడా సాయిబు, "ఈ పొద్దు నిప్పు లేదు తల్లీ," అన్నాడు.

ఆమె నిప్పులను చూసింది, అతన్ని చూసింది. పావలా కోసం చేయి చాచలేదు.