అక్క తొడిగిన చెప్పులు

ఎనిమిదేండ్ల సంది ఒక మాట నా గొంతుల అడ్డంబడి ఉన్నది. మింగుదామంటె దిగది, కక్కుదామంటె రాది. నువ్వెవరో నాకెరుక లేదు. అందుకే నీకు చెప్తున్న. ఎరుకైనోళ్లకు చెప్పే ధైర్నం నాకు లేదు.

మా ఇంటి పెద్దకోడలు, నా యారాలు, ఆమెను నేను అక్కా అనే పిలుస్త. అక్క పెనిమిటి, అంటె మా బావ, కామెర్లు ముదిరి పట్నం దవాఖానల పడ్డడు. లివరు ఖరాబైందన్నరు. మా అత్త మొక్కుకున్నది, పెద్దకోడలు తిరుమలగిరి నుంచి యాదగిరిగుట్ట దాక వట్టి కాళ్లతోని నడిచివోయి నర్సింహసామికి కొబ్బరికాయ కొడ్తదని. తోడు నన్ను పొమ్మన్నది. ఇద్దరి చేతులకు పసుపుదారం కట్టి, "చెప్పు తొడగొద్దు, బండెక్కొద్దు. తోడువోయేదానికి గూడ గదే కట్టు" అని గట్టిగ చెప్పింది. మొక్కు ఆమెది, కాళ్లు మావి. నాకు ఒకటే మంట. మొగడు అక్కకు, నడక నాకా? గట్లనే అనుకున్న, దాచేదేముంది. అందుకే ఎవ్వలకు కానరాకుంట సంచి అడుగున నా రబ్బరు చెప్పులు పెట్టుకున్న.

శ్రావణమాసం. రెండోనాడు మోత్కూరు దాటినంక మొగులుకు చిల్లి పడ్డట్టు వాన. రోడ్డు వెడల్పు జేస్తమని తవ్వి కంకర పోసిన్రు. గా కంకరల ఒక సీసపెంకు అక్క అరికాల్ల దిగింది. పెంకు తీసేసినం గని నెత్తురు ఆగుతలేదు. "నర్సింహా, నర్సింహా" అనుకుంట కుంటుతాంది. నేను సంచిలకెల్లి చెప్పులు తీసి ఆమె ముందర పడేసిన.

"తొడుగక్కా."

"వద్దే. కట్టు తప్పుతది."

"సచ్చేటట్టున్నవు. దేవునికి నీ కాళ్లు జూసుడే పనా? కంకర దాటినంక ఇడ్సెయ్. నేనెవ్వలకు చెప్ప. ఒట్టు."

ఏడ్సుకుంట తొడిగింది. పాపమనిపించే ఇచ్చిన్నా? కొంత గదే. ఆమె కుంటుడు చూడబుద్ధిగాక కొంత. ఆమె గూడ తప్పితె, తర్వాత నేను తప్పినా ఒక్కదాన్నే తప్పినట్టు గాదని లోపల్లోపల అనుకున్ననేమో, ఏది ఎంతనో ఇయ్యాల్టికీ తెల్వది.

"ముంగటికి వోయి ఆగేతందుకు జాగ చూస్త" అని చెప్పి గబగబ నడిచిన. మలుపు తిరగంగనే ఆటో వచ్చింది. ఎక్కిన. ఎవ్వలు బలవంతం చెయ్యలే. ముంగటి ఊరి మొదట్ల దిగి, కాళ్లకు బురద పూసుకొని, బడి అరుగు మీద కూసున్న. గంటన్నరకు అక్క వచ్చింది. చెప్పులు చేతుల పట్టుకొని ఉన్నది. కంకర ఒడువంగనే ఇడ్సిందట. పక్కకు కూసొని నా కాళ్లు ఒళ్లె పెట్టుకొని కొంగుతోని బురద తుడిచింది. "నీ చెప్పులు నాకిచ్చి నువ్వు వట్టి కాళ్లతోని నడిస్తివి గదనే చెల్లె" అన్నది. నేను కాళ్లు గుంజుకోలే.

గుట్టకు వోయినం, కాయ కొట్టినం. నెల తిరగకముందే బావ సచ్చిపోయిండు.

దినాలనాడు అత్త చుట్టాలందరి ముందట మమ్ములను నిలవెట్టి, "కట్టు తప్పింది ఎవ్వలే?" అని అడిగింది. ఆటో సంగతి బయటపడ్తదేమోనని భయం. అక్క నోరు తెరవకముందే నేను తెరిసిన. "అక్క జరంత దూరం చెప్పులు తొడిగింది."

అక్క నా దిక్కు జూసింది. చెప్పులు ఎవ్వలియో చెప్పలే. తొడుగుమన్నది ఎవ్వలో చెప్పలే. తల కిందికి ఏసుకున్నది.

ఆనాటి సంది ఆమె మొగణ్ణి మింగినదైంది. అత్త ఆమె చేతి నీళ్లు తాగది. అక్క మళ్ల చెప్పులు ముట్టలే. పత్తిచేన్లకు గూడ వట్టి కాళ్లే. ముల్లు దిగి, చీముబట్టి, ఒక వేలు తీసేసిన్రు. దవాఖానకు తోడు నేనే వోయిన. సొంత చెల్లెలసొంటిదని అందరు నన్ను మెచ్చుకున్నరు. తూ, నా బతుకు.

చెప్పులు తొడిగితె, ఆటో ఎక్కితె మనిషి సస్తడా? సావడు. బావను తాగుడు సంపింది. నాకెరుకే. ఎరికుండి గూడ ఆమెను నమ్మనిచ్చిన. "నీ తప్పు గాదక్కా" అంటె సాలు. గని గా మాట అంటె ఎనకనే ఆటో సంగతి గూడ చెప్పాలె గద.

మొన్న మా ఆయనకు గుండెల నొప్పొచ్చింది. దవాఖానల కూసున్న. అక్క వచ్చి నా నెత్తి నిమిరింది. "ఫికర్ జెయ్యకు. గుట్టకు నేను నడుస్త. ఈపారి కట్టు తప్పనియ్య" అన్నది. వద్దనాలె. కాళ్లు పట్టుకొని అంత చెప్పాలె. నేనేమన్ననో తెలుసా? "పైలంగ పోయి రా అక్కా" అన్న. ఆయన బతకాలె గద. నడకతోని సావు ఆగదని ఎరికైనదాన్ని, నాదాక వచ్చేసరికి ఆమెను నడువనిచ్చిన.

నిన్న పొద్దుగాల ఒక్కతే బయలెల్లింది. ఆమె మొగడు నా వల్ల సావలే. ఆమె బతుకు మాత్రం నేనే కరాబు జేసిన. గీ మాట ఆమెకు చెప్పలే, నీకు చెప్పిన. నాకు జర ఊపిరాడుతాంది. అక్క ఇంకా తొవ్వల్నే ఉన్నది.