లాగోసులో పీర్ల మొక్కు

ఆ రోజుల్లో బళ్ళారిలో బి.ఎస్సీ. గట్టెక్కినవాడు తాలూకా ఆఫీసులో గుమాస్తా అయ్యేవాడు, లేకుంటే కాలేదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేవాడు. రెండో పనిలో నేను రెండేళ్ళ అనుభవం గడించాక, అప్పటికే లాగోసులో లెక్కల మాస్టరుగా కుదిరిన మా బావ నన్నూ ఆ బడికే పిలిపించుకున్నాడు. (ఆఫ్రికా అంటే ఏమనుకుందో, మా అమ్మ స్వెట్టరు అల్లిచ్చింది.) అద్దెగది దొరకడమే గగనమైన ఆ ఊళ్ళో మాకు చోటిచ్చిన ముసలావిడను మేడవ్వ అనుకునేవాళ్ళం. వాళ్ళ తాతను బానిసగా బ్రెజిలుకు అమ్మేస్తే, విడుదలై తిరిగొచ్చి, అక్కడ దొరలకు కట్టిన మేడలాంటిదే ఇక్కడ తనకు కట్టుకున్నాడట, కిటికీల చుట్టూ సున్నపు పూలతో సహా. అవ్వ చర్చికి పోయేది. గుడ్ ఫ్రైడేకి కొబ్బరిపాలలో అలసందలు మెత్తగా ఉడికించి మాకూ పెట్టేది. చనిపోయిన పెద్దలు వేషం కట్టుకుని వీధిలోకొస్తారని వాళ్ళు నమ్మే రోజున మాత్రం చర్చే కాస్త సర్దుకోవాలి.

ఆ రోజు రానే వచ్చింది. తల నుంచి పాదాల దాకా రంగురంగుల గుడ్డపట్టీలు వేలాడుతూ, లోపల మనిషున్నాడో లేడో తెలియని రూపం ఒకటి డోళ్ళ మోతకు గిరగిరా తిరుగుతూ మా గుమ్మం ముందుకొచ్చింది.

"చూస్తాండావా? మన మొహరం పీర్లు గదప్పా ఇవి!" అన్నాడు బావ.

"దూరంగా ఉండమని అవ్వ చెప్పింది కదా బావా."

"అదంతా తెలీనోళ్ళకు. సుమ్నె, ఊరికే దిమ్మె మాదిరి నిలబడితే ఏం మర్యాద? పోయి గుడ్డ పట్టుకోని కండ్లకద్దుకో. పెద్దోళ్ళు మెచ్చుకుంటారు."

పీరు గుడ్డ కళ్ళకద్దుకోకుండా మా వైపు ఏ కులం పిల్లవాడూ పెరగడు. పోయాను. పట్టుకున్నాను. ఒక కంటికి అద్దుకున్నాను. రెండోదాని వంతు రాలేదు. డోళ్ళు ఆగిపోయాయి. ఆ గుడ్డను తాకడం మహాపరాధమని, వెంట నడిచే బెత్తాలవాళ్ళు నా వీపు మీద విడమరిచి చెప్పారు. అంతటి అనుభవజ్ఞుడైన బావ అప్పటికే మేడ మీదున్నాడు.

సాయంత్రం పంచాయితీ. ఇంటి పెద్దలు నలుగురు కుర్చీలు వేసుకుని, మమ్మల్ని ఈ పూటే ఖాళీ చేయించాలన్నారు. ఎందుకు తాకావని అవ్వ అడిగింది. మా పీర్ల సంగతి చెప్పాను. అవ్వ, "చచ్చిన పెద్దల మీద ఇంత భక్తి ఉన్నవాడివి, బతికున్న మాకు పొద్దున్నే చెయ్యి ఊపి పోతావేం?" అంది.

గది దక్కింది. షరతు ఒక్కటే: రోజూ బడికి పోయే ముందు, వాళ్ళ మగపిల్లల్లాగే, పెద్దల ముందు నేల మీద బోర్లా పడుకుని దండం పెట్టాలి. బావకూ తప్పలేదు. ఆయన పొట్ట మీద అటూ ఇటూ ఊగుతుంటే, చూడ్డానికి పక్కింటి పిల్లలు కూడా వచ్చేవాళ్ళు.

ఏడాది తర్వాత సెలవుకొచ్చి బళ్ళారి స్టేషన్లో దిగాను. ఎదురుగా మా నాయన. కాలేజీ గడప తొక్కాక మా ఊళ్ళో ఎవరికీ వంగని నేను, అలవాటు కొద్దీ ప్లాట్‌ఫారం మీద నిలువునా పడిపోయాను. కూలీలు పెట్టెలు దించి మరీ చూశారు. నాయన బెదిరిపోయి వంగి, "ఏందిరా, ఉజ్జోగం పాయెనా?" అన్నాడు గుసగుసగా.

"లేదు నాయనా" అన్నాను, ఆయన చెప్పుల దగ్గర నుంచే. ఎక్కడ పెట్టాలో తెలియని ఆయన చెయ్యి కాసేపు తడబడి, నా తల మీద నిలిచింది. ఈ వయసులో నేనలా పడితే ఇంట్లోవాళ్ళు డాక్టరును పిలుస్తారు. ఆ పాతికేళ్ళవాడు మాత్రం, లేవడానికి ఏమాత్రం తొందరపడలేదు.