తుప్పు చెయ్యి

డార్లా చెమట తగిలితే ఉక్కు తెల్లారేసరికి తుప్పు పడుతుంది. అందుకే మోంటానాలో ఆరిన్ గారి పిస్తోళ్లు తయారుచేసే దుకాణంలో పని నేర్చుకుంటున్న ఆమె, ఏది ముట్టుకున్నా వెంటనే నూనె గుడ్డతో తుడుస్తుంది. ఒకసారి కాఫీ కప్పును కూడా తుడిచేసింది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, పిస్తోలు అడుగు చట్రమైన ఫ్రేమ్ మీద, వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం స్లయిడ్ బిగువుగా జారేదాకా ఆకురాయితో అరగదీస్తుంది. చక్కగా కుదిరితే దాని మీద తన గుర్తు కొట్టుకోవచ్చు. వదులైతే ఆ ఫ్రేమును తన చేత్తోనే రెండుగా కోసి గోడకు తగిలించాలి. అప్పటికి రెండు కోసింది. మూడోదీ పోతే ఇంటికి పొమ్మన్నాడు ఆరిన్.

శుక్రవారం ఆయన ఆ మూడోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. డార్లా తన గుర్తు ముద్రను చేతిలోకి తీసుకుంది. అంతలో ఆయన వేలికి నూనె అంటింది. విడదీసి, నూనె కడిగి, మళ్లీ ఊపాడు. లోపలి వదులు గలగలమంది. "నూనె పోసి నా చెవిలో పువ్వు పెడదామనుకున్నావా, అమ్మాయ్?"

"తుప్పు పడుతుందని రాశాను సార్, ఒట్టు!"

"రంపానికీ కాస్త నూనె రాయి, తేలిగ్గా దిగుతుంది," అన్నాడు పక్క బల్ల దగ్గర పనిచేసే రాయిస్. అందరూ నవ్వారు. ఆమె ఫ్రేమును కోసింది. ముక్కల్ని తుడవకుండానే తగిలించి వెళ్లిపోయింది.

సోమవారానికి ఒక ముక్క మీద ఆమె బొటనవేలి ముద్ర ఎర్రటి తుప్పుగా తేలింది. వచ్చిన ప్రతివాళ్లకూ ఆరిన్ దాన్ని చూపిస్తున్నాడు: "చూశారా, గుర్తు కొట్టి మరీ వెళ్లింది!"