ఆగుడు క్లాసు

నన్ను లా చదివించింది మార్కులు కాదు, నా నోరు. మా కోస్గి సంతలో బేరం దగ్గర నుంచి బస్సులో సీటు దాకా నాతో వాదించి నెగ్గిన మనిషి లేడు. "గీ నోటికి నల్లకోటే సరి" అని బాపు ఊరంతా చెప్పుకొని పాలమూరులో కాలేజీలో చేర్పించాడు. కొత్త జిల్లాలు వచ్చి, మీది ఏ జిల్లా అని అడిగితే మావాళ్లే కాసేపు తడబడే రోజులవి. బాపు మార్కెట్ యార్డులో వాచ్‌మన్. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కినవాళ్లు ఇదివరకూ ఉన్నారు గానీ, అందరూ చేతులు కట్టుకొని ఎక్కినవాళ్లే. నేను తలెత్తుకొని ఎక్కాలని ఆయన కోరిక. నాకు అంతకంటే ఎక్కువ కోరిక.

మాకు సాక్ష్య చట్టం చెప్పే మేడం కొత్తకోట ఆమె. చాలా ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించి, తర్వాత పాఠాలకు వచ్చింది. హాజరు పిలవకముందే ఆమె మాతో ఒక పని చేయించేది. పుస్తకాలు మూసి, అరచేతులు బల్లమీద పెట్టి, ఊపిరి వస్తూ పోతూ ఉండటాన్ని గమనిస్తూ కూర్చోవాలి. బయట ఉల్లిగడ్డల ఆటో మైకులో అరుస్తుంది, బస్సు హారన్ కొడుతుంది. విసుక్కోకుండా వినాలి, అంతే. తర్వాత ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరి మాట పూర్తయ్యాక, రెండోవాళ్లు నిండుగా ఒక ఊపిరి తీసి వదిలి, అప్పుడే బదులు చెప్పాలి. పట్నం కాలేజీల్లో దీనికి ఏదో ఇంగ్లీషు పేరుందట. మేం ఆగుడు క్లాసు అనేవాళ్లం.

"మేడం, గిది పూజనా, నమాజా, ప్రార్థననా?" అని ఒకడు మొదటి రోజే అడిగాడు.

"ఏదీ గాదు. ఎదుటి మనిషి చెప్పేది ఆఖరుదాంక వినుడు. గది రాకుంటే వకీలెట్లయితవ్?" అంది మేడం.

నాకు అది నరకం. నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి "కోస్గోళ్లు బస్సుల సీటుకోసం..." అని మొదలుపెట్టిందో లేదో, నేను ఆమె తాతముత్తాతలదాకా వెళ్లి వచ్చాను. క్లాసంతా బల్లలు కొట్టి నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు, మళ్లీ మొదటి నుంచి చేయమంది.

ఆ ఏడాది నల్లగొండలో నమూనా కోర్టు పోటీలు పెట్టారు. మాకు వచ్చిన కేసు బోరు దగ్గర స్టార్టర్ డబ్బా దొంగతనం. మేం నిందితుడి తరఫు. పక్క చేను రైతు తన గట్టుమీద నుంచి దొంగను చూశానంటాడు, మధ్యలో జొన్నచేను. కాలేజీలో సాధన చేసేటప్పుడు క్రాస్, అంటే ఎదుటివాళ్ల సాక్షిని ప్రశ్నలడిగే పని, నాకిచ్చారు. సాక్షి వేషం మా క్లాసువాడే వేశాడు. జొన్న ఎంత ఎత్తు పెరిగిందని అడిగితే నిలువెత్తు అన్నాడు. పని అక్కడితో అయిపోయింది. కానీ నా నోరు ఊరుకుంటే కదా! "మరి ఎట్ల చూసినవ్?" అని గద్దించాను. "పిట్టలు కొట్టనీకె మంచె ఎక్కిన, గందుకే కనవడ్డది" అన్నాడు వాడు ఠక్కున. గెలిచిన కేసును నా చేతులతో నేనే వాడికి అప్పజెప్పాను.

మా జట్టు పెద్ద చివరి సంవత్సరం చదివే సీనియర్, అందరం అన్న అని పిలిచేవాళ్లం. ప్రిన్సిపాల్ ముందే మేడంతో అన్నాడు: "గీమెను పెడితే మునిగినట్టే మేడం. గా ఆగుడు క్లాసు గూడ దండగ. గంత సేపట్ల ఒక సెక్షన్ అయిపోతది." ప్రిన్సిపాల్ తలాడించాడు. సిలబస్ మిగిలిపోతోందని ఆయనకూ ఎప్పటినుంచో గుర్రుగానే ఉంది.

మేడం తన అలవాటు ప్రకారం ఒక ఊపిరి పీల్చి వదిలింది. "నల్లగొండల క్రాస్ గీ పిల్లనే జేస్తది. గాడ ఈమె ఆగకుంటే, గా క్లాసు నేనే బంద్ జేస్త" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె క్లాసును నా నెత్తిన పెట్టమని ఎవరు అడిగారు? హాస్టల్‌కు వచ్చాక మంట చల్లారి భయం పట్టుకుంది. నా నోరు జారితే నేను ఓడిపోవడం ఒక్కటే కాదు, ఆమె అన్నేళ్లుగా నమ్మినదాన్ని అందరూ నవ్వులపాలు చేస్తారు. నన్ను అంతగా నమ్మిన మనిషి బాపు తర్వాత ఆమే.

ఆ రోజు నుంచి కనబడిన ప్రతివాళ్లమీదా సాధన చేశాను. మెస్‌లో, బస్‌స్టాండ్‌లో, చివరికి ఫోన్లో అవ్వతో కూడా. ఆమె మాట అయ్యాక నేను ఊపిరి తీసి వదిలేలోగా "ఏందే, సిగ్నల్ పోయిందా?" అని అరిచేది. నేను ఇంకా మాట్లాడకపోతే, మోకాలు నొప్పి అనీ, దవాఖానకు పోలేదనీ, బాపుకు చెప్పొద్దనీ తనే చెప్పుకుపోయేది. మనిషి ఎదుట కాస్త ఖాళీ జాగా ఉంచితే అందులోకి మాట దానంతటదే వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

దేవరకొండ మీదుగా బస్సులో నల్లగొండ చేరాం. ఫైనల్లో మా ఎదుట పట్నం జట్టు. వాళ్ల కోట్లు నలగనివి, మావి కిరాయివి. జడ్జిగా కూర్చున్నాయన నిజంగానే జిల్లా జడ్జిగా చేసి రిటైరైన పెద్దమనిషి. వెనక వరసలో మేడం, ఆమె పక్కన ప్రిన్సిపాల్ కూర్చున్నారు.

సాక్షి పాత్రలో ఉన్న పట్నం అబ్బాయి చలాకీగా ఉన్నాడు. గట్టుమీద నిలబడ్డావా అంటే అవునన్నాడు. మధ్యలో జొన్నచేనే కదా అంటే అవునన్నాడు. ఎంత ఎత్తు అంటే "నాకంటె ఎత్తు" అన్నాడు.

ఆ పాడు ప్రశ్న నాలుక చివరికి వచ్చింది. మా అన్న కళ్లు మూసుకోవడం పక్కనుంచి కనిపించింది. నేను పాదాలు నేలకు ఆనించాను. ఊపిరి తీశాను, వదిలాను. కూర్చోలేదు, మాట్లాడలేదు. సాక్షి ముఖంలోకి నిమ్మళంగా చూస్తూ నిలబడ్డాను. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అబ్బాయి గొంతు సవరించుకున్నాడు, వాళ్ల వకీలు వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు.

"కనవడకున్నా... గాయిన గాక ఇంకెవలు తీస్కపోతరు సార్?" అనేశాడు.

హాలు గొల్లుమంది. వాళ్ల వకీలు దాన్ని సరిదిద్దడానికి లేచాడు గానీ, జడ్జి అప్పటికే ఆ మాట రాసుకుంటున్నారు. "ఇక ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాను. లోపల బతుకమ్మ ఆడుతున్నంత సంబరం.

మేం గెలిచాం. బహుమతి ఇస్తూ ఆ పెద్దాయన నవ్వారు. "ఆ చోట నేనైతే ఆగకపోదును బిడ్డా, నీకెవరు నేర్పిన్రు?" అని అడిగారు. నేను వెనక వరస వైపు వేలు చూపించాను. మేడం కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఫోన్లో బాపుకు చెబితే అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

సోమవారం ఆగుడు క్లాసుకు వెళ్తే గదిలో జాగా లేదు. చివరి సంవత్సరం వాళ్లు గోడకు ఆని నిలబడ్డారు, వాళ్లలో మా అన్న ముందున్నాడు. ప్రిన్సిపాల్ కుర్చీ తెప్పించుకొని తలుపు దగ్గర కూర్చున్నాడు. మేడం నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇయ్యాల నువ్వు జేపియ్యి" అని నా చోటులో తాను కూర్చుంది.

నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. అంతమంది, నేను ఏం చెబుతానా అని చూస్తున్నారు. నేను ఏమీ చెప్పలేదు. బల్లమీద అరచేతులు పెట్టాను. అందరికంటే ముందు ప్రిన్సిపాల్, ఆయన వెనక మా అన్న, తర్వాత గదంతా నోరు మూసుకుంది.