గట్టు మీద అనుమతి

పెదపారుపూడి దగ్గర మా ఊరి సమాధుల తోటకు ఒక పెద్దాయన పొలం గట్టు మీదుగానే వెళ్లాలి. ఎవరు వెళ్లినా ఆయన గట్టు మొదట్లో తుమ్మచెట్టు దగ్గరికి వచ్చి, చెయ్యి కొంచెం ఎత్తి, "వెళ్ళండి" అనేవారు. అడక్కుండా ఏళ్ల తరబడి నడిస్తే దారి మీద జనానికి హక్కు వస్తుందనీ, తన అనుమతితో నడిస్తే రాదనీ, అప్పుడు ఎప్పుడైనా ఆపేయవచ్చనీ గుడివాడ ప్లీడరు ఆయనకు చెప్పారట.

మా అమ్మను మోసుకెళ్లిన రోజు ఆయన జ్వరంతోనే వచ్చారు. కళ్లు తుడుచుకుని, "వెళ్ళండి" అన్నారు.

"పోయినవాళ్లకు కూడానా అండీ?" అన్నాను.

"మీ అమ్మ ఏనాడూ ఇక్కడ ఆగకుండా వెళ్లలేదు బాబూ."

ఆయన పోయేనాటికి, పొలాన్ని చేపల చెరువు చేయడానికి కొడుకు పొక్లెయిన్ మాట్లాడుకున్నాడు. గట్టు తవ్వేస్తే అమ్మ దగ్గరికి నాకు దారి ఉండదు. అయినా ఆయన శవపెట్టెకు ఒక పక్క నేను భుజం పట్టాను, రెండో పక్క కొడుకు. తుమ్మచెట్టు దగ్గర అందరం ఆగిపోయాం.

"ఆగారేంటి బావా? నడవండి," అన్నాడు కొడుకు.

ఎవరి కాలూ కదల్లేదు. అతని కాలు కూడా.

అప్పుడు మెల్లగా "వెళ్ళండి" అని వినిపించింది, మా భుజాల మధ్య నుంచి. మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నడిచాం.

చెరువు తవ్వించాడు గానీ గట్టు జోలికి వెళ్లలేదు. "అనుమతి వెనక్కి తీసుకోవచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"ఇచ్చినోళ్లు తీసుకోవాలి బావా," అన్నాడు. "ఇచ్చింది నేను కాదుగా."