షోకుల యాదగిరి ఆదివారాలు

మిర్యాలగూడలో మా వీధి మలుపున ఒక ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టె బాగా వేడెక్కాక, నీళ్లు చిలకరించిన నూలు బట్ట మీద దాన్ని ఆనించగానే ఒక వాసన లేస్తుంది. కొంచెం గంజి, కొంచెం పొగ, బట్ట అంటుకుంటుందేమోనన్న చిన్న భయం కలిసిన వాసన. బడికి వెళ్లే తొందరలో ఉన్నా అక్కడికి రాగానే నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. పోయిన వారం బండి అతను తలెత్తి, బట్టలేమైనా ఉన్నాయా మేడం అని అడిగాడు. లేవన్నాను. అంగీలకు గంజి పెట్టించి, చేతుల మీద గీత నిలబడేలా ఇస్త్రీ చేయించుకునే మనిషి మా ఇంట్లో ఇప్పుడు లేడు. మా నాయిన పోయి మూడేళ్లయింది.

ఆయన పేరు యాదగిరి. మేళ్లచెరువులో ఆయన్ని ఉత్త పేరుతో పిలిచినవాళ్లు తక్కువ, షోకుల యాదగిరి అనేవాళ్లు. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే పని ఆయనది. గొట్టం కింద సంచి పట్టడం, నిండగానే పక్కకు నెట్టడం, మళ్లీ ఇంకో సంచి పట్టడం. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి కనురెప్పల వెంట్రుకల మీద కూడా పొడి పేరుకుని ఉండేది. జుట్టు, చొక్కా, చెప్పులు, చర్మం అన్నీ ఒకే రంగు. వారంలో ఆరు రోజులు మా నాయిన ఆ రంగులోనే ఉండేవాడు. ఆదివారం పొద్దున మాత్రం తలకు కొబ్బరినూనె పట్టించి, గంటసేపు ఒళ్లు రుద్దుకుని స్నానం చేసేవాడు. తర్వాత ఇంటి మధ్యన కట్టిన తాడుకు వేలాడే అంగీల ముందు నిలబడి, ఇయ్యాల ఏ రంగు బిడ్డా అని నన్ను అడిగేవాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. అంతకు ముందు ఏడాదే మా అమ్మ జ్వరంతో పోయింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

నేను రంగు చెప్పాక మేము బయలుదేరేవాళ్లం. ఎక్కడికి అన్నది ఒక్కోసారి బస్సు ఎక్కాకే తేలేది. మొదటి మజిలీ ఎప్పుడూ కోదాడ బస్టాండే. విజయవాడ నుంచి హైదరాబాదు పోయే బస్సులు అక్కడ కాసేపు ఆగుతాయి. జనం దిగి టీ తాగుతారు, ఒళ్లు విరుచుకుంటారు. మా నాయిన నాకు వేరుశనక్కాయలు కొనిచ్చి, ఒక స్తంభానికి ఆనుకుని, దిగినవాళ్ల బట్టలు చూసేవాడు. కాలరు ఎంత వెడల్పు, జేబు ఎక్కడ పెట్టారు, ప్యాంటు అంచు బూటు మీద ఎలా పడుతోంది అన్నవి కళ్లతోనే కొలుచుకునేవాడు. తర్వాత ఆ ఊళ్లోనే తాను ఎప్పుడూ కుట్టించుకునే దర్జీ దగ్గరికి వెళ్లి, చూసినదంతా గాలిలో వేలితో గీసి చెప్పేవాడు. ఆ దర్జీ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అయినా మా నాయిన చెప్పేటప్పుడు మిషన్ ఆపి వినేవాడు.

పిల్లలమర్రి గుడికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. సూర్యాపేటలో బస్సు దిగి ఆటోలో వెళ్లాం. ఆయన ఒంటిమీద చిలకపచ్చ అంగీ, మెడకు చిన్న రుమాలు. దండం పెట్టుకుని జనం వెళ్లిపోతున్నా మేము అక్కడే ఉండిపోయాం. నున్నగా మెరిసే నల్లరాతి స్తంభంలో తన నీడ కనిపిస్తే, అటూ ఇటూ చూసి కాలరు సర్దుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత నన్ను ఎత్తుకుని ఒక నాట్యకత్తె బొమ్మ నడుము చూపించాడు.

"సూడు బిడ్డా. రాతిల గూడ కుచ్చిళ్లు ఎంత సక్కగ పడ్డయో. ఇది చెక్కినోడు ముందుగాల బట్టను మంచిగ సూసిండు."

ఆ తర్వాత నేను చాలా గుళ్లు చూశాను, చరిత్ర పుస్తకాలు చదివాను, పిల్లలకు పాఠాలు చెప్పాను. ఏ శిల్పం ముందు నిలబడినా మొదట నా చూపు బట్ట మడతల మీదికే పోతుంది. చెక్కినవాడి వెనక ఒక చూసినవాడు ఉంటాడన్న సంగతి నాకు చెప్పింది బస్తాలు నింపే మనిషి.

మా మేనత్తది చివ్వెంల. తమ్ముడి షోకు ఆమెకు నచ్చేది కాదు. అమ్మ సంవత్సరీకం నాడు మా నాయిన పసుపుపచ్చ అంగీ వేసుకుని ఇంట్లోంచి వచ్చేసరికి ఆమె వాకిట్లోనే నిలదీసింది. పెండ్లాం పోయినోడు ఇట్లా తిరిగితే ఊరు ఏమనుకుంటుంది, తల్లిలేని పిల్లను గుళ్లకూ డ్యాములకూ తిప్పుతుంటే ఇంకెవరి కోసమో సింగారించుకున్నావని అనరా అని అడిగింది. నలుగురు వింటున్నారు. మా నాయిన మెల్లగా అన్నాడు.

"ఆమె లేదని నాకెరుక అక్కా. నేను మాసిన బట్ట కట్టుకుంటె వస్తదంటె ఇప్పుడే కట్టుకుంట."

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా నాయిన కూడా ఇంకో పెళ్లి చేసుకోలేదు.

ఇక చెప్పవలసింది నా సంగతి. పదో తరగతి అయ్యాక నన్ను కోదాడలో ఒక కాలేజీలో, దాని హాస్టల్లోనే ఉంచి చదివించాడు. మొదటి నెల తల్లిదండ్రులను పిలిచారు. మా నాయిన మెరూన్ రంగు అంగీ, తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలతో వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టి తలుపు బార్లా తెరిచాడు. మిగతా తండ్రులు పంచెలతో, నలిగిన చొక్కాలతో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నా పక్క గదిలో ఉండే అమ్మాయి, మీ నాన్నగారు సినిమాల్లో చేస్తారా అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి ఎంతో, సరదా ఎంతో విడదీసి చూసే వయసు కాదు నాది. ఆయన్ని బస్సు ఎక్కించడానికి వెళ్లినప్పుడు అనేశాను.

"ఇంకోపారి గిట్ల రాకు నాయినా. అందరి నాయినలు ఎట్ల వస్తరో అట్ల రా."

ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. సరే బిడ్డా అన్నాడు. బస్సు కదిలాక ఎప్పటిలా కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నాకు తేలికగా అనిపించింది.

మరుసటి నెల తల్లిదండ్రులు వచ్చే రోజున మధ్యాహ్నం దాకా ఆయన కనిపించలేదు. క్లాసు వదిలాక ఎందుకో గేటు వైపు చూశాను. బయట రోడ్డు పక్కన ఎండలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో గిన్నెల క్యారియర్. దగ్గరికి వెళ్లేదాకా మా నాయిన అని గుర్తుపట్టలేదు. రాత్రి డ్యూటీ దిగి, ఇంట్లో కూర వండుకుని, ఒళ్లు కడుక్కోకుండా అదే చొక్కాతో, కనుబొమల మీద పొడితో వచ్చేశాడు. అందరి తండ్రులు పని బట్టల్లో వచ్చినట్టే తానూ రావాలని అనుకున్నాడట. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. కూలీలు గేటు ముందు నిలబడొద్దని రోడ్డు పక్కకు పంపాడు. నెల కిందట సలాం కొట్టింది కూడా ఆ వాచ్‌మనే. మా నాయిన ఆ సంగతి అతనికి గుర్తు చేయలేదు. పొద్దున పదింటి నుంచీ నిలబడే ఉన్నాడు.

ఆయన క్యారియర్ నా చేతికిచ్చి, కోడిగుడ్డు కూర చల్లారిపోయిందని నొచ్చుకున్నాడు. తర్వాత ఎటో చూస్తూ అన్నాడు.

"గీ బట్టలల్ల ఉంటె నన్ను ఎవ్వలు సూడరు బిడ్డా. అది నాకు అలవాటే. నీ కాడికి వచ్చినప్పుడన్న జర కనపడాలనుకున్న, గంతే."

అప్పుడు నేను క్షమించమని అడగాల్సింది. అడగలేదు. క్యారియర్ తీసుకుని, గంట కొడతారని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆయన కాలేజీకి వచ్చినప్పుడల్లా ఉతికిన బూడిదరంగు చొక్కాతోనే వచ్చాడు. సెలవుల్లో ఇంటికి వెళితే, ఎటన్న పోదామా అని నేనే అడిగేదాన్ని. నీకు చదువు ఉంటది కదా అనేవాడు. తాడు మీద అంగీలు అలాగే వేలాడుతుండేవి. సూర్యాపేటలో డిగ్రీ, తర్వాత టీచరు ట్రైనింగు, మిర్యాలగూడలో ఉద్యోగం. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. మా మధ్య పోట్లాటేమీ లేదు. ఆదివారాలు మాత్రం ఉత్త సెలవు రోజులైపోయాయి.

పని మానేసే నాటికి ఆయనకు ఆయాసం పట్టుకుంది. దవాఖానలో డాక్టరు దుమ్ము అన్నాడు, బీడీలు అన్నాడు, వయసు అన్నాడు. మిర్యాలగూడకు నా దగ్గరికి తీసుకొచ్చుకున్నాను. నా భర్త ఆయన కోసం కిటికీ పక్కన మంచం వేయించాడు. లుంగీ, బనియనుతో రోజంతా అక్కడే కూర్చునేవాడు. గడ్డం గీసుకోమంటే, ఇగ ఎవరు సూస్తరు అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కోదాడ రోడ్డు పక్కన ఎండ కనిపించేది.

ఒక శనివారం ఆయన పెట్టె తెరిచి అంగీలన్నీ మంచం మీద పరిచాను. రేపు సాగర్ పోదాం, ఏ రంగో నువ్వే చెప్పు అన్నాను. చాలాసేపు వాటిని తడుముతూ కూర్చుని, నీలిరంగుది తీశాడు. ఒళ్లు తగ్గిపోయింది కాబట్టి భుజాల దగ్గర వదులైంది. ఆ సాయంత్రమే కుట్టు విప్పించి బిగుతు చేయించాను. బస్సు ఎక్కలేడని కారు మాట్లాడాం. పొద్దున నేనే గడ్డం గీశాను, నేనే గుండీలు పెట్టాను. కాలరు వెనక సరిగ్గా లేదని రెండుసార్లు మళ్లీ సర్దించుకున్నాడు.

డ్యాము కనిపించేచోట ఒక బెంచీ మీద కూర్చున్నాం. మెట్లు దిగే శక్తి ఆయనకు లేదు. గేట్లు ఎత్తలేదు, నీళ్లు నిండుగా కదలకుండా ఉన్నాయి. పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి ఆయన్ని కాసేపు చూసి, ఏ డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారు సార్ అని మర్యాదగా అడిగాడు. మా నాయిన ఏం చెబుతాడోనని ఆయన వైపు తిరిగాను.

"సిమెంటు ఫ్యాక్టరీల బస్తాలు నింపిన సార్. ఇరవై ఆరేండ్లు."

ఆ పెద్దమనిషి ఇంకోసారి అంగీ వైపు చూసి, ఇది కుట్టించింది ఎక్కడండీ అన్నాడు. అంతే. ఆయాసాన్ని లెక్కచేయకుండా మా నాయిన పది నిమిషాలు చెప్పాడు, గుడ్డ గురించి, కత్తిరింపు గురించి, కోదాడ దర్జీ గురించి. ఆ పెద్దమనిషి సెలవు తీసుకుని వెళ్లాక నేను ఇరవై ఏళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట బయటపెట్టాను.

"కోదాడల నిన్ను ఒక మాట అన్న నాయినా. యాదికున్నదా?"

"యాదికున్నది బిడ్డా."

"తప్పయింది."

ఆయన నీళ్ల వైపు చూస్తూనే ఉన్నాడు. పోనీలే అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

"నువ్వు సిన్నపిల్లవు. కాని గప్పటిసంది ఏ అంగి ముట్టుకున్నా, నా బిడ్డకు సిగ్గయితదేమో అని ఒకపారి అనుకునుడు అలవాటయింది." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఇయ్యాల అనుకోలె."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది నాలో ఇంకా లోతుగా దిగింది. ఆ తర్వాత మరో మూడు ఆదివారాలు మేము బయటికి వెళ్లగలిగాం. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు చూసి, ఇంకొంచెంసేపు కూర్చుందామన్నాడు. చీకటి పడేదాకా కూర్చున్నాం. రెండు నెలలు తిరక్కుండానే, ఒక తెల్లవారుజామున ఆయన ఊపిరి ఆగిపోయింది.

అంగీలు అడిగినవాళ్లకు ఇచ్చేశాను. నేను ఆయన్ని తక్కువ చేసిన మాటను ఇచ్చేయడానికి ఎవరూ లేరు, అది నాతోనే ఉంటుంది. దానితోపాటు ఇంకొకటి కూడా ఉంది. నెలకు ఒక ఆదివారం, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చూడని చోటికి ఒక్కదాన్నే బస్సెక్కి పోతాను. మొన్న ఫణిగిరి కొండకు వెళుతుంటే కండక్టరు టికెట్టు చింపుతూ నా చీర చూసి, ఎవరిదైనా పెళ్లా మేడం అని అడిగాడు. మొక్కు ఉందనో, చుట్టాలు ఉన్నారనో చెప్పి తప్పించుకునేదాన్ని ఒకప్పుడు.

"పెండ్లి లేదు, ఏం లేదు. సూసొద్దామని పోతున్న," అన్నాను.

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నేను గొంతు తగ్గించలేదు.