బద్దెపురుగు చెప్పిన వ్యాపారం

కర్నూలులో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఓబుళేశు ఇరవై ఏళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాడు. ఆ ఏడు ఆ కోర్సులో ఇద్దరే చేరారు. కరస్పాండెంటు ఉమామహేశ్వర అతన్ని పిలిచి, "కప్పల్ని కోసినోనివి, కస్టమర్లను కోసేది చెప్పలేవాప్పా? రేపట్నుంచి బీబీఏకి పో" అన్నాడు.

వ్యాపారంలో ఓబుళేశుకు ఓనమాలు రావు. అందుకని తనకు తెలిసిన బద్దెపురుగు గురించే మొదలుపెట్టాడు. "అది పేగులో కూసోని తింటాది గానీ మనిషిని సంపదు. మనిషి పోతే దానికి మళ్లా తిండి యాడిది?"

"అచ్చం మన కాలేజీ మాదిరి గదా సార్" అంది యామిని అనే విద్యార్థిని. క్లాసంతా నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ ఉమామహేశ్వరను చూసి ఓబుళేశు గబుక్కున బోర్డు వైపు తిరిగాడు.

ఉమామహేశ్వర మాత్రం మెచ్చుకోలుగా తలూపాడు. "శానా బాగా చెప్తాండావు. మన ఆఫీసోళ్లకు గూడా చెప్పప్పా. ఫీజుల కాడ తొందరపడి పిల్లోళ్లను పోగొడ్తాండారు."

ఆ వారమే ఓబుళేశు బిజినెస్ విభాగానికి హెడ్డయ్యాడు.